కృష్ణ ఒడ్డున పార్కుకు చిన్నపిల్లలను తీసుకెళ్లేవారికి

విజయవాడలో పిల్లలు ఆడుకోవడానికి కాలనీ పార్కులు ఉన్నప్పటికీ, సెలవు రోజు సాయంత్రం కాగానే చాలా కుటుంబాలు కృష్ణ ఒడ్డుకే బయలుదేరుతాయి. గాలి, ఖాళీ స్థలం, పెద్దలు కాసేపు కూర్చోవడానికి గట్టు అక్కడ దొరుకుతాయి. వెళ్లేముందు ఉయ్యాలలు బాగున్నాయా, టికెట్టు ఎంత, బండి ఎక్కడ పెట్టుకోవాలి అని అందరూ కనుక్కుంటారు గానీ, ఆ రోజు నది ఎలా ఉందో కనుక్కునేవారు తక్కువ. ఏడాదిన్నర నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలతో వెళ్లేవారు మొదట చూడవలసింది నదినే. ఏ పార్కుకు వెళ్లాలి, ఏ వేళకు వెళ్లాలి, ఎంతమంది పెద్దలు వెంట ఉండాలి అన్నవి దాన్నిబట్టే తేలుతాయి.

బ్యారేజీకి ఎగువనా, దిగువనా?

1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ విజయవాడ దగ్గర కృష్ణను రెండు వేర్వేరు స్వభావాల నదిగా మార్చింది. పున్నమి ఘాట్, భవానీ ఘాట్, బెరం పార్కు, భవానీ ద్వీపం బ్యారేజీకి ఎగువన ఉన్నాయి. అక్కడ నీరు సాధారణంగా 12 అడుగుల మట్టంలో చెరువులా నిలిచి ఉంటుంది. చూడటానికి కదలిక లేనట్టే కనిపిస్తుంది గానీ, ఘాట్ మెట్లు దాటగానే పెద్దవాళ్లకు కూడా కాళ్లు అందనంత లోతు ఉంటుంది. రాజీవ్ గాంధీ పార్కు, పద్మావతి ఘాట్, కృష్ణలంక వైపు నదీతీరం దిగువన ఉన్నాయి. ఏడాదిలో ఎక్కువ కాలం ఇక్కడ నదిలో నీటికన్నా ఇసుకే ఎక్కువగా కనిపిస్తుంది. ఈ ఇసుకను చూసే తల్లిదండ్రులు మోసపోతారు. పైకి చదునుగా ఉన్నా అందులో ఇసుక తవ్విన గుంతలు నీళ్లతో నిండి ఉండవచ్చు. మోకాలి లోతు ఉన్నచోటు నుంచి రెండడుగులు పక్కకు వేస్తే నిలువు లోతు వచ్చే గుంతలు ఇవి. వీటిలో పడి ఈత వచ్చిన యువకులే ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. పైగా గేట్లు ఎత్తితే ఖాళీగా కనిపించిన ఇసుక మేటల మీదికి నీరు వచ్చేస్తుంది. కాబట్టి దిగువన ఉన్న పార్కులకు వెళ్లినప్పుడు పిల్లలకు ఇసుకతో ఆడుకోవాలని ఎంత మోజు ఉన్నా, ఆ ఆటను పార్కులో పరిచిన ఇసుక వరకే ఉంచాలి, నదిలోకి దించకూడదు.

బ్యారేజీ వెనుక నిలిచే నీరు దాదాపు మూడు టీఎంసీలు మాత్రమే. నాగార్జునసాగర్‌లా వరదను దాచుకునే శక్తి దీనికి లేదు గనుక, పైనుంచి ఎంత వస్తే అంత 70 గేట్ల గుండా కిందికి వదలవలసిందే. ఎగువన ఉన్న పులిచింతల జలాశయం నుంచి నీరు వదిలినప్పుడు అది విజయవాడ చేరడానికి కొన్ని గంటలు పడుతుంది, ఈలోగా హెచ్చరికలు వస్తాయి. అయితే ఖమ్మం వైపు నుంచి వచ్చే మున్నేరు పులిచింతలకు దిగువన కృష్ణలో కలుస్తుంది. అందుచేత పులిచింతల గేట్లు మూసి ఉన్నాయని ధీమాగా ఉండటానికి వీల్లేదు. ఖమ్మంలో కుండపోతగా కురిస్తే దాని ఫలితం ఇక్కడ కనిపిస్తుంది. జూలై నుంచి అక్టోబరు దాకా పార్కుకు బయలుదేరే రోజున బ్యారేజీ ప్రవాహం ఎంత ఉందో వార్తల్లో చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండవ హెచ్చరిక జారీ చేస్తారు. నా అభిప్రాయంలో చిన్నపిల్లలున్నవారు మొదటి హెచ్చరిక దాకా ఆగనవసరం లేదు; గేట్లు ఎత్తారని తెలిస్తే ఆ వారం కాలనీ పార్కుతో సరిపెట్టుకోవడం మంచిది. వరద చూపిద్దామని పిల్లలను ఎత్తుకొని గట్టు మీదికి వెళ్లే సరదా మనవాళ్లలో బాగా ఉంది. అది చూడవలసిన దృశ్యమే, కాని జనం తోపులాటలో, తడిసిన గట్టు మీద, చంకలో బిడ్డతో నిలబడి చూడవలసినది కాదు.

వరద తగ్గిన తర్వాత కూడా తొందరపడకూడదు. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చిన సంగతి నగరవాసులు ఇంకా మరచిపోలేదు. అంత కాకపోయినా, ఏ వరదైనా వెనక్కి తగ్గేటప్పుడు మెట్ల మీద ఒండ్రు, పొదల్లో పాములు, మడుగుల్లో దోమలు, గాజుపెంకులు, ముళ్లకంపలు మిగిల్చి పోతుంది. నీట మునిగిన ఆటసామగ్రిలో ఇనుప కీళ్లు, బోల్టులు తుప్పుపట్టి వదులవుతాయి. సిబ్బంది శుభ్రం చేసి, మరమ్మతులు పూర్తిచేసి తెరిచేదాకా ఆగాలి. ఇటువంటి మరమ్మతుల కోసం పార్కులు కొన్నాళ్లు మూసి ఉండటం మామూలే కాబట్టి, తెరిచే వేళలు, రుసుము బయలుదేరేముందు కనుక్కుంటే గేటు దగ్గర పిల్లల ఏడుపు తప్పుతుంది.

వేళ, రోజు

విజయవాడ ఎండ గురించి ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. మార్చి నుంచి జూన్ మధ్య దాకా ఉదయం ఎనిమిదిన్నర లోపు ఇంటికి చేరేలా వెళ్లాలి, లేదా సాయంత్రం అయిదు దాటిన తర్వాత బయలుదేరాలి. మే నెలలో సాయంత్రం అయిదుకు కూడా జారుడుబండలు మధ్యాహ్నపు వేడిని వదలవు. లోహపు బండలు కాలతాయని అందరికీ తెలుసు. ప్లాస్టిక్ బండలు, కింద పరిచే నల్లటి రబ్బరు పలకలు కూడా లేత చర్మాన్ని బొబ్బలెక్కించగలవని చాలామందికి తెలియదు. పెద్దవాళ్లు తమ అరచేతి వెనుక భాగాన్ని అయిదారు సెకన్లు ఆనించి చూసి, ఆనించలేకపోతే పిల్లలను ఎక్కించకూడదు.

చలికాలంలో చిక్కు మరో రకంగా ఉంటుంది. డిసెంబరులో అయిదున్నర దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు, ఆపైన అరగంటలో మసక చీకటి అవుతుంది. దీపాలు ఎంత బాగా వెలిగినా నీటి అంచున వెలుతురు సరిపోదు కాబట్టి, సూర్యాస్తమయానికి పావుగంట ముందే నీటి వైపు నుంచి వెనక్కి వచ్చి మిగిలిన సమయాన్ని ఆటస్థలంలో గడపాలి. ఆ వేళకే దోమలు కూడా లేస్తాయి గనుక నిండు చేతుల చొక్కా, ప్యాంటు వేయడం మేలు.

ఆదివారాల కన్నా మామూలు రోజుల ఉదయాలు పిల్లలకు హాయిగా ఉంటాయి. దసరా నవరాత్రుల్లోనూ, భవానీ దీక్షల విరమణ సమయంలోనూ ఇంద్రకీలాద్రి చుట్టుపక్కల రాకపోకలను మళ్లిస్తారు. ఘాట్లన్నీ స్నానాలకు వచ్చినవారితో నిండిపోతాయి. ఆ రోజుల్లో అమ్మవారి దర్శనాన్నీ పార్కునూ ఒకే ప్రయాణంలో ముగిద్దామనుకుంటే రెండూ సరిగా జరగవు. కార్తికమాసంలో సాయంత్రాలు అందంగా ఉంటాయి, కాని మెట్ల నిండా దీపాలు, నూనె, అరటి దొప్పలు ఉంటాయి. పట్టు పరికిణీ వేసుకున్న ఆడపిల్లను ఆ దీపాల వరుస పక్కన పరుగెత్తనివ్వకూడదు.

ఏం వేయాలి, ఏం తీయాలి

సంచిలో పెట్టుకోవలసినవి తల్లులకు ఎవరూ చెప్పనవసరం లేదు: కాచి చల్లార్చిన నీళ్లు, టోపీ, ఒక జత బట్టలు, తువ్వాలు, ఎండాకాలమైతే ఓఆర్ఎస్ పొట్లం. పిల్లల ఒంటి మీద ఏముందన్నదే అంతకన్నా ముఖ్యం. కొట్టొచ్చినట్టు కనిపించే నారింజ, పసుపు, ఎరుపు వంటి రంగులు గుంపులోనూ నీటిలోనూ త్వరగా కంటపడతాయి. నీలం, బూడిద, ఆకుపచ్చ రంగులు కృష్ణ నీళ్లలో కలిసిపోతాయి. కాలికి వెనుక పట్టీ ఉన్న చెప్పులు గాని బూట్లు గాని ఉండాలి. జారే అడుగు ఉన్న హవాయి చెప్పులతో ఘాట్ మెట్లు దిగడం పెద్దలకే మంచిది కాదు.

మన ఇళ్లలో పిల్లలకు మెడలో తాయెత్తు తాడు, గొలుసు వేస్తాం. జారుడుబండ పైభాగంలోని కడ్డీకో, మెట్ల నిచ్చెన బోల్టుకో ఆ తాడు తగులుకుంటే, కిందికి జారుతున్న బిడ్డ బరువంతా మెడ మీద పడుతుంది. నానమ్మ ఒప్పుకోకపోయినా ఆటస్థలంలో ఉన్నంతసేపు దాన్ని తీసి సంచిలో వేయడం తప్పదు. కావాలంటే ఇంటికి వచ్చాక మళ్లీ కట్టవచ్చు. చున్నీలు, టోపీకి ఉండే తాళ్లు, మెడకు వేలాడే నీళ్ల సీసా పట్టీలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. బంగారు మురుగులు, గొలుసులు ఎలాగూ ఇంట్లోనే ఉండాలి.

ఇంటి నుంచి బయలుదేరేముందు, ఆ రోజు బట్టల్లోనే పిల్లలకు ఒక ఫోటో తీసి ఉంచుకోవాలి. తప్పిపోయినప్పుడు ఏ రంగు చొక్కా వేశామో కంగారులో గుర్తురాదు. ఫోన్ నంబరును బాల్ పెన్నుతో ముంజేతి లోపలి వైపు రాస్తే సాయంత్రం దాకా ఉంటుంది.

ఆటస్థలంలో

పార్కులో అడుగుపెట్టగానే పిల్లలను వదలకుండా, ఒకరు వాళ్లను పట్టుకొని ఉండగా మరొకరు ఆటసామగ్రి చుట్టూ ఒకసారి తిరిగి రావాలి. ఉయ్యాల గొలుసు కొక్కేలు అరిగిపోయి ఉన్నాయా, జారుడుబండ అంచుల్లో పగుళ్లు ఉన్నాయా, కింద ఇసుక గాని రబ్బరు గాని ఉందా లేక సిమెంటు బయటపడిందా అని చూడాలి. పిల్లలకు అయ్యే పెద్ద గాయాల్లో ఎక్కువ భాగం పై నుంచి కింద పడటం వల్లే అవుతాయి గనుక, కింద ఉన్న నేల ఎలాంటిదన్నది పైన ఉన్న రంగుల కన్నా ముఖ్యం. సిమెంటు మీద నిలబెట్టిన ఎత్తయిన సామగ్రి ఎంత కొత్తదైనా దాన్ని వదిలేయడమే సరి. కడ్డీల మధ్య సందులను కూడా గమనించాలి. సుమారు 9 సెంటీమీటర్ల కన్నా ఎక్కువ, 23 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉన్న సందుల్లో చిన్నపిల్లల ఒళ్లు దూరి తల ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది. మూడు నాలుగేళ్ల వాళ్లు కాళ్లను ముందు పెట్టి అలాంటి సందుల్లో దూరడం చాలా ఇష్టపడతారు.

రెండు నుంచి అయిదేళ్ల పిల్లలకు, ఆపై వయసువారికి వేర్వేరు సామగ్రి ఉండాలన్నది ఆటస్థలాల రూపకల్పనలో పాటించే నియమం. మన పార్కుల్లో చాలాచోట్ల రెండూ కలిసిపోయి ఉంటాయి. అటువంటప్పుడు తల్లిదండ్రులే విడదీసుకోవాలి. బిడ్డ తనంతట తాను ఎక్కలేని దాని మీదికి పెద్దలు ఎత్తి కూర్చోబెట్టకూడదన్నది సులువైన కొలత. ఎక్కగలిగే బలం, సమతుల్యత వచ్చిన బిడ్డకే దిగడం కూడా చేతనవుతుంది.

జారుడుబండ దగ్గర మనవాళ్లు ప్రేమతో చేసే ఒక పని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బిడ్డ భయపడుతోందని తల్లో తండ్రో ఒడిలో కూర్చోబెట్టుకొని జారతారు. బిడ్డ ఒంటరిగా జారితే పాదం పక్కకు తగిలినా తక్కువ బరువు కాబట్టి ఆగిపోతుంది. పెద్దవాళ్ల ఒడిలో ఉన్నప్పుడు ఆ చిన్న పాదం బండ పక్క అంచుకు అతుక్కుంటే, పెద్దవాళ్ల బరువంతా ముందుకు తోస్తూ కాలిని మెలిపెడుతుంది. మోకాలి కింది ఎముక విరగడానికి ఇది వైద్యులు బాగా ఎరిగిన కారణం. బిడ్డకు భయంగా ఉంటే పక్కన నిలబడి చేయి పట్టుకొని చిన్న బండ మీద జారనివ్వాలి, లేదా ఆ రోజుకు వదిలేయాలి.

ఉయ్యాలల ముందు, వెనుక పరుగెత్తే పిల్లలకు దెబ్బలు ఎక్కువగా తగులుతాయి. ఎదురు బల్ల మీద అవతలి పిల్లవాడు ఉన్నట్టుండి దిగిపోతే ఇవతలివాడి వీపు అదురుతుంది కాబట్టి, ఇద్దరూ ఒకేసారి దిగాలని ముందే చెప్పాలి. తక్కినవాటి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. కొద్దిగా దుమ్ము, మోకాలి మీద చిన్న గీతలు ఆటలో భాగమే.

తినుబండారాల విషయంలో బజ్జీల నూనె గురించి అందరూ బాధపడతారు. అయిదేళ్ల లోపు పిల్లలకు అంతకన్నా ప్రమాదకరమైనవి వేయించిన పల్లీలు, పాప్‌కార్న్, కోయని ద్రాక్షపళ్లు. పరుగెత్తుతూ నములుతుంటే ఇవి గొంతులోకి కాక శ్వాసనాళంలోకి జారతాయి. ఇంటి నుంచి పెరుగన్నం, అరటిపళ్లు, ఇడ్లీ తీసుకెళ్లి, కూర్చోబెట్టి తినిపించడం ఉత్తమం. గేటు దగ్గర కొన్న బుడగ పగిలితే దాని ముక్కలను వెంటనే ఏరి పారేయాలి. చిన్నపిల్లలు వాటిని నోట్లో పెట్టుకుంటే ఊపిరి ఆడదు.

నీటి అంచున

నదికి వెళ్లి నీళ్లు ముట్టుకోకుండా పిల్లలను తీసుకురావడం కష్టం, అది అవసరమూ కాదు. అయితే ఆట అయిన తర్వాత కాక, ఆటకు ముందే నీటి దగ్గరికి తీసుకెళ్లడం మంచిదని నా సలహా. అప్పటికి పిల్లలు అలసిపోయి ఉండరు, చెప్పిన మాట వింటారు, వెలుతురు ఉంటుంది, నది చూశామన్న తృప్తితో ఆటస్థలంలో స్థిరంగా ఉంటారు. ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క పెద్దవారు ఉండాలి. ఇద్దరు పిల్లలకు ఒకే పెద్దవారుంటే ఆ రోజు ఘాట్‌కు దిగకూడదు. మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకోవాలి. బిడ్డ మన వేలు పట్టుకోవడం కాదు, మనం బిడ్డ చేయి పట్టుకోవాలి.

2016 పుష్కరాల కోసం నగరంలోని ఘాట్లను విస్తరించారు. మెట్లు వెడల్పుగా, చూడముచ్చటగా ఉన్నా, నీటిని తాకే కింది మెట్ల మీద పాచి పడుతుంది. తడిసి నల్లగానో ఆకుపచ్చగానో కనిపించే మెట్టు మీద కాలు పెట్టకూడదు. దానికి రెండు మెట్లు పైనే ఆగాలి. అక్కడ కూర్చోబెట్టి చెంబుతో నీళ్లు తెచ్చి పిల్లల చేతుల మీద పోస్తే వాళ్ల సరదా తీరుతుంది.

నీట మునిగే పిల్లలు సినిమాల్లో లాగా కేకలు వేయరు. ఊపిరి కోసమే పెనుగులాడుతుంటే అరవడానికి గాలి ఉండదు. నిమిషం లోపే నిశ్శబ్దంగా మునిగిపోవచ్చు. అందుకే నీటి దగ్గర ఉన్నంతసేపు ఒక పెద్దవారు ఫోన్ తీయకుండా పిల్లలనే చూస్తూ ఉండాలి. ఫోటోలు మరొకరు తీయవచ్చు. ‘అందరూ ఉన్నారులే’ అనుకొన్న చోట నిజానికి ఎవరూ చూడటం లేదని అర్థం. పెద్ద కుటుంబాలతో వెళ్లినప్పుడు ఈ పావుగంట బాబాయిది, తర్వాత పావుగంట అత్తయ్యది అని పేరుపెట్టి అప్పగించుకోవాలి.

నది కన్నా జాగ్రత్త అవసరమైనవి కాలువలు. బ్యారేజీ దగ్గర బయలుదేరే ఏలూరు, బందరు, రైవస్ కాలువలు నగరం మధ్యగా సాగుతాయి. నీరు వదిలిన కాలంలో వీటిలో ప్రవాహం వేగంగా ఉంటుంది, ఏటవాలు గట్ల మీద పట్టు దొరకదు. పార్కుకు నడిచి వెళ్లే దారిలో కాలువ వంతెన వస్తే బిడ్డను ఎత్తుకోవాలి, లేదా రోడ్డు లోపలి వైపు నడిపించాలి.

భవానీ ద్వీపానికి వెళ్లేవారు పడవ ఎక్కేముందు పిల్లల కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్ అడిగి తీసుకోవాలి. పెద్దల జాకెట్ వేస్తే నీటిలో అది పైకి లేచి బిడ్డ జారిపోతుంది. వేసిన తర్వాత భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగి చూసి, గడ్డం దాటి పైకి రాకపోతేనే సరిపోయినట్టు. కాళ్ల మధ్య నుంచి పోయే పట్టీ ఉంటే తప్పక బిగించాలి. పిల్లల జాకెట్ లేదంటే ఆ పడవ ఎక్కకూడదు, టికెట్టు డబ్బులు పోయినా సరే. 2017 నవంబరు 12న పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా మరణించారు. కాబట్టి పర్యాటక శాఖ నడిపే పడవను మాత్రమే ఎక్కాలి; ఒడ్డున ఎవరో తక్కువకు తీసుకెళ్తామని పిలిస్తే వెళ్లకూడదు.

ఆపద వస్తే

బిడ్డ కనిపించకపోతే మొట్టమొదట నీటి వైపు పరుగెత్తాలి. ఐస్‌క్రీం బండి దగ్గర ఉన్న పిల్లవాడు అయిదు నిమిషాల తర్వాత కూడా అక్కడే ఉంటాడు. నీటిలో ఉన్నవాడికి అంత సమయం లేదు. ఒకరు నీటి వైపు, మరొకరు గేటు వైపు వెళ్లి, మూడవవారు సిబ్బందికి చెప్పి 112కు ఫోన్ చేయాలి. తప్పిపోయిన పిల్లల సహాయానికి 1098 కూడా ఉంది.

ఎవరైనా నీటిలో పడితే, ఈత రానివారు వెంట దూకకూడదు. తువ్వాలు, చీర కొంగు, కర్ర, తాడు, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, ఏది దొరికితే అది అందించాలి, విసరాలి. బయటికి తీసిన బిడ్డను తలకిందులుగా పట్టుకొని ఊపడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన దగ్గర ఇప్పటికీ కనిపిస్తుంది. దానివల్ల విలువైన నిమిషాలు పోవడమే కాక, పొట్టలోనిది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఊపిరి లేని బిడ్డను గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, నోటితో శ్వాస ఇవ్వడం మొదలుపెట్టి, ఆ తర్వాత ఛాతీ మధ్య నొక్కుతూ, 108 వాహనం వచ్చేదాకా రెండూ మార్చి మార్చి చేయాలి. ఈ పద్ధతిని చదివి నేర్చుకోవడం కుదరదు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఒకరైనా ప్రథమ చికిత్స శిక్షణ పొంది ఉండాలి.

బిడ్డ కాసేపు నీటిలో మునిగి తేలి, బయటికి వచ్చాక మామూలుగానే ఉన్నట్టు కనిపించినా ఆ రోజంతా కనిపెట్టి ఉండాలి. దగ్గు తగ్గకపోయినా, ఊపిరి వేగంగా తీసుకుంటున్నా, అసాధారణంగా మగతగా పడుకున్నా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి, ఎన్ని గంటలకు, ఎంతసేపు నీటిలో ఉన్నాడో వైద్యుడికి చెప్పాలి.